కొన్న పెట్టె మనదేనా? 2010 ఏప్రిల్ 1న ప్లేస్టేషన్‌లో జరిగిన కథ



ఈసారి వలసల చరిత్ర కాదు, గుడి శాసనం కాదు. ఒక ఆటల పెట్టె చరిత్ర రాస్తున్నాను. "పిల్లల ఆటవస్తువుకి చరిత్రేమిటి?" అని పెద్దలు తీసిపారేయకండి. మన ఇళ్లలో ఇప్పుడు ఫోను, టీవీ, కారు, చివరికి తలుపు గంట కూడా ఇంటర్నెట్ ద్వారా కంపెనీ మాట వింటున్నాయి. డబ్బిచ్చి కొన్న వస్తువు కొన్నాక ఎవరిది అన్న ప్రశ్న ప్రపంచమంతటా గట్టిగా వినిపించిన మొదటి సందర్భాల్లో ఇదొకటి. పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదవండి.

సోనీ కంపెనీ ప్లేస్టేషన్ 3ని 2006 నవంబరులో జపాన్‌లోనూ అమెరికాలోనూ విడుదల చేసింది. అమెరికాలో ధర మోడల్‌ని బట్టి 499, 599 డాలర్లు. మన దేశానికి మరుసటి ఏడాది వచ్చింది, ధర దాదాపు 40 వేల రూపాయలు. అంత ఖరీదెందుకంటే లోపలి సరుకు అలాంటిది. బ్లూ-రే డిస్కులు చదివే డ్రైవు ఉంది. అంతకు మించి, సోనీ, తోషిబా, ఐబీఎం కలిసి తయారుచేసిన 'సెల్' అనే ప్రాసెసరు ఉంది. అందులో ఒక ప్రధాన భాగం, దాని కింద లెక్కలు వేగంగా చేసే చిన్న సహాయక భాగాలు. ఒక మేస్త్రీ, చేతి కింద అరడజను మంది పనివాళ్లు అనుకోండి. ఆటలో బొమ్మలు కదిలించడానికి పనికొచ్చే ఆ లెక్కల వేగం శాస్త్ర పరిశోధనకీ పనికొస్తుంది.

ఈ పెట్టెకి సోనీ స్వయంగా ఒక అదనపు సదుపాయం ఇచ్చింది. దాని పేరు 'అదర్ ఓఎస్'. సెట్టింగుల్లోకి వెళ్లి, హార్డ్ డిస్కులో కొంత చోటు కేటాయించుకుని, అక్కడ లినక్స్ వేసుకోవచ్చు. అంటే ఆటల పెట్టె కాస్తా మామూలు కంప్యూటర్ అయిపోతుంది. ఇది దొంగదారి కాదు, కంపెనీయే తెరిచిన తలుపు. ఇది ఆటల యంత్రం మాత్రమే కాదు, కంప్యూటర్ కూడా అని కంపెనీ పెద్దలు అప్పట్లో గర్వంగా చెప్పుకున్నారు. అంతకుముందు ప్లేస్టేషన్ 2కి కూడా 2002లో లినక్స్ కిట్ విడిగా అమ్మారు. కాబట్టి ఇది వాళ్లకి కొత్త ఆలోచనేమీ కాదు.

ఈ తలుపులోంచి ఎవరు వెళ్లారో చూడండి. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం డార్ట్‌మత్ శాఖలో గౌరవ్ ఖన్నా అనే భౌతిక శాస్త్రవేత్త కృష్ణబిలాల మీద పరిశోధన చేసేవారు. సూపర్ కంప్యూటర్ మీద సమయం కొనాలంటే బోలెడు ఖర్చు. ఆయన 2007లో ఎనిమిది ప్లేస్టేషన్లను కలిపి, వాటిలో లినక్స్ వేసి, గురుత్వ తరంగాల లెక్కలు చేశారు. ఆ పెట్టెల్లో కొన్నింటిని సోనీయే విరాళంగా ఇచ్చింది. అమెరికా వైమానిక దళ పరిశోధనశాల అయితే న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్ అనే ఊళ్లో ఏకంగా 1,760 ప్లేస్టేషన్లను గొలుసుకట్టుగా కలిపి 'కాండర్' అనే యంత్రాన్ని కట్టింది. 2010 చివర్లో ప్రారంభమైన ఆ యంత్రానికి అయిన ఖర్చు సుమారు 20 లక్షల డాలర్లు. అదే శక్తి మామూలు దారిలో కొంటే దానికి ఎన్నో రెట్లు అయ్యేది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. మొదట్లో సోనీ ఈ పెట్టెను తయారీ ఖర్చుకంటే తక్కువకి అమ్మింది. ఆటల వ్యాపారంలో ఇది పాత పద్ధతే. పెట్టె మీద నష్టపోయి, తర్వాత ఆటల డిస్కుల మీద సంపాదిస్తారు. మరి పెట్టె కొని, ఒక్క ఆటా కొనకుండా లెక్కలు చేసుకునేవాడి వల్ల కంపెనీకి ఏం మిగిలినట్టు? ఈ లెక్కను సోనీ బయటికి కారణంగా చెప్పలేదు. కానీ కథ చదివేటప్పుడు మనం మనసులో పెట్టుకోవాలి.

2009 ఆగస్టులో సన్నపాటి కొత్త మోడల్ 'స్లిమ్' ప్రకటించారు. అందులో అదర్ ఓఎస్ లేదు. కొత్త వస్తువులో ఏముండాలో నిర్ణయించుకునే హక్కు తయారీదారుకి ఉంది, కొనేవాడు చూసుకుని కొంటాడు. అక్కడివరకు తగాదా లేదు. పాత మోడళ్లలో ఉన్నది అలాగే ఉంటుందని సోనీ తరఫు ఇంజనీరు ఒకరు లినక్స్ డెవలపర్లకు రాసిన మాట కూడా ఉంది. తర్వాత కోర్టు కాగితాల్లోనూ ఆ మాట ప్రస్తావనకు వచ్చింది.

2010 జనవరిలో జార్జ్ హాట్జ్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు రంగంలోకి వచ్చాడు. ఐఫోన్ తాళం తీసి అప్పటికే పేరు తెచ్చుకున్నవాడు. లినక్స్ నడుస్తున్నా పెట్టెలోని కొన్ని భాగాలను ముట్టుకోనివ్వకుండా కాపలా కాసే సాఫ్ట్‌వేర్ ఒకటి ప్లేస్టేషన్‌లో ఉంటుంది, దాన్ని హైపర్‌వైజర్ అంటారు. హాట్జ్ పెట్టె విప్పి, వైరు అతికించి, జ్ఞాపకశక్తి చిప్‌కి వెళ్లే సంకేతాన్ని రెప్పపాటులో వెయ్యో వంతుకంటే తక్కువసేపు చెడగొట్టి ఆ కాపలాదారుని ఏమార్చాడు. ఆ పని అదర్ ఓఎస్ ద్వారానే చేశాడు. దొంగ డిస్కులు ఆడించే పద్ధతి కాదు అది. కానీ దారి అటు పోవచ్చని సోనీ భయపడింది. ఆ భయం పూర్తిగా అర్థం లేనిదని మనం అనలేం.

2010 మార్చి 28న సోనీ ఒక ప్రకటన చేసింది. ఏప్రిల్ 1న 3.21 అనే ఫర్మ్‌వేర్ నవీకరణ వస్తుంది, దాంతో పాత మోడళ్లలోనూ అదర్ ఓఎస్ పోతుంది, కారణం భద్రత. తేదీ చూసి ఏప్రిల్ ఫూల్ అనుకున్నవాళ్లూ ఉన్నారు. కాదు, నిజమే. లినక్స్ భాగంలో దాచుకున్నదంతా ముందే వేరేచోటికి తీసుకోండి, తర్వాత అందదు అని కూడా చెప్పారు. ఇచ్చిన గడువు నాలుగు రోజులు.

"ఇష్టం లేకపోతే నవీకరణ వేసుకోకండి" అన్నారు. వినడానికి ఇది ఎంపికలాగే ఉంటుంది. కానీ వేసుకోకపోతే ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి ప్రవేశం లేదు, ఇంటర్నెట్‌లో ఇతరులతో ఆడటం లేదు. కొత్త ఫర్మ్‌వేర్ అడిగే ఆటలు, కొన్ని కొత్త సినిమా డిస్కులు నడవవు. వేసుకుంటే లినక్స్ పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొన్నప్పుడు రెండూ ఉన్నాయి, రెండింటికీ కలిపే డబ్బిచ్చారు. ఇప్పుడు ఒకటి వదులుకో అంటున్నారు. ఏది వదులుకోవాలో చెప్పే స్వేచ్ఛ మాత్రం మిగిల్చారు.

పరిశోధకుల ఇబ్బంది ఇంకో రకం. వాళ్ల పెట్టెలు నెట్‌వర్క్‌కి వెళ్లవు కాబట్టి ఆ రోజుకి ఏమీ కాలేదు. కానీ ఒకటి చెడిపోతే? దాని స్థానంలో పెట్టడానికి కొత్తది కొంటే అందులో లినక్స్ లేదు. బాగుచేయడానికి పంపితే కొత్త ఫర్మ్‌వేర్‌తో తిరిగొస్తుంది. ఆ యంత్రాల ఆయుష్షుకి అలా గీత పడింది.

తర్వాత ఏమైందో చూస్తే 'ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నాడు' అన్న మన సామెత గుర్తొస్తుంది. 2010 ఆగస్టులో యూఎస్‌బీ పరికరం ఒకటి బజారులోకి వచ్చింది, అది గుచ్చితే నకలు ఆటలు నడిచాయి. దానికి అదర్ ఓఎస్‌తో పనే లేదు. డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌లో 'ఫెయిల్ ఓవర్‌ఫ్లో' అనే బృందం అసలు గుట్టు విప్పింది. కంపెనీ తన సాఫ్ట్‌వేర్ మీద డిజిటల్ సంతకం పెడుతుంది. ఆ సంతకానికి ప్రతిసారీ ఒక కొత్త రహస్య అంకె వాడాలి. సోనీ ప్రతిసారీ అదే అంకె వాడింది. స్కూల్లో రెండు సమీకరణాలు ఇచ్చి రెండు తెలియని విలువలు కనుక్కోమనేవారు కదా, అలాగే రెండు సంతకాలు చేతిలో ఉంటే కంపెనీ రహస్య తాళంచెవిని లెక్కకట్టవచ్చు. లినక్స్ ఉన్నన్నాళ్లూ తమలాంటివాళ్లకి ఈ పెట్టెను పగలగొట్టాల్సిన అవసరం రాలేదని, తలుపు మూశాకే పట్టుదల పెరిగిందని ఆ బృందం వాదన. తాళం బలం సంగతి తేల్చుకోకుండా, మంచివాళ్లు వాడే తలుపును మూసినట్టయింది.

2011 జనవరిలో హాట్జ్ మూలపు తాళంచెవిని బయటపెట్టాడు. సోనీ అతని మీద దావా వేసింది. ఇద్దరూ రాజీపడ్డట్టు ఏప్రిల్‌లో ప్రకటించారు.

ఇక కొనుగోలుదారుల సంగతి. 2010 ఏప్రిల్ నెలాఖరుకే కాలిఫోర్నియాలో సామూహిక దావా పడింది. 2011లో జిల్లా కోర్టు న్యాయమూర్తి రిచర్డ్ సీబోర్గ్ కేసు కొట్టేశారు. ఆయన చెప్పిందాని సారాంశం ఆలోచించదగ్గది. కొన్నవాళ్ల నిరాశ అర్థం చేసుకోదగ్గదే, వ్యాపారరీత్యా కంపెనీ చేసింది సరైనదో కాదో అనవచ్చు, కానీ చట్టం ప్రకారం పట్టుకోవడానికి తగిన ఆధారం చూపలేదు అన్నారు. 2014లో అప్పీలు కోర్టు కొన్ని అంశాలకు తిరిగి ప్రాణం పోసింది. 2016లో ఒక రాజీ కుదిరింది. లినక్స్ వాడినట్టు రుజువు చూపినవారికి 55 డాలర్లు, మిగతావారికి 9 డాలర్లు. అప్పటికి కేసు చూస్తున్న న్యాయమూర్తి దాన్ని ఒప్పుకోలేదు. చివరికి 37.5 లక్షల డాలర్ల నిధితో 2018లో ఇంకో రాజీ. మనిషికి 65 డాలర్ల దాకా రావచ్చన్నారు. లాయర్ల ఫీజులు, ఖర్చులు పోయి, అర్జీలన్నిటికీ పంచితే చేతికొచ్చింది సుమారు 10 డాలర్లు. 599 డాలర్ల పెట్టెకి, ఎనిమిదేళ్ల తర్వాత!

బ్రిటన్‌లో మాత్రం ఒక వినియోగదారుడు కోర్టుకే వెళ్లలేదు. అమ్మినప్పుడు చెప్పిన గుణం వస్తువులో ఉండాలన్న యూరప్ నిబంధనను చూపించి, తనకు అమ్మిన ఆన్‌లైన్ దుకాణానికి ఉత్తరం రాశాడు. వాళ్లు ధరలో అయిదో వంతు వెనక్కి ఇచ్చారు. తయారీదారుని కాకుండా అమ్మినవాణ్ని అడగడం ఆయన తెలివి.

కంపెనీ వైపు న్యాయం కూడా చెప్పాలి. లినక్స్ వాడినవాళ్లు మొత్తం కొన్నవాళ్లలో కొద్దిమందే. నకలు ఆటలు పెరిగితే ఆటలు తయారుచేసే చిన్న సంస్థలే ముందు మునుగుతాయి. నెట్‌వర్క్‌ను కాపాడుకునే బాధ్యత కంపెనీదే. ఇవన్నీ నిజాలే. అయితే ప్రమాదం కంపెనీది, దాన్ని తప్పించుకోవడానికి అయిన ఖర్చు మాత్రం కొన్నవాళ్లది. లినక్స్ వద్దంటే ఇంత డబ్బు వెనక్కి ఇస్తామని మొదటిరోజే అని ఉంటే ఈ కథకి ఇన్ని మలుపులు ఉండేవి కావు.

ఇది మనకెందుకంటే, మన లైబ్రరీ కమిటీ పాత సావనీర్లు, నాటకాల రికార్డింగులు, మహాసభల ఫోటోలు అన్నీ స్కాన్ చేయించి ఒక యంత్రంలో పెట్టాలనుకుంటోంది. మాతృభూమికి దూరంగా ఉన్న మనకు ఆ కాగితాలే దస్తావేజులు. "మంచి కంపెనీది కొంటే చాలు" అని చాలామంది అన్నారు. ప్లేస్టేషన్ తయారుచేసింది చిల్లర కంపెనీ కాదు. వైమానిక దళమంతటి కొనుగోలుదారుకే ప్రత్యామ్నాయం దొరకలేదు. అందుకని నావి మూడు సూచనలు. ఒకటి, ఒకే కంపెనీ యంత్రంలో మాత్రమే తెరుచుకునే పద్ధతిలో ఏదీ దాచవద్దు. రెండు, ఇంటర్నెట్‌తో సంబంధం లేని నకలు ఒకటి సంఘం బీరువాలో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉండాలి. మూడు, కొనేటప్పుడు ఏ సదుపాయం కోసం కొంటున్నామో బిల్లు మీద రాయించాలి, ప్రకటన కాగితం దాచాలి. అమెరికాలో రుజువు అడిగినప్పుడు చాలామంది దగ్గర లేనిది అదే.

మన దేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. అన్యాయమైన ఒప్పందాన్ని రాష్ట్ర కమిషన్‌లో సవాలు చేసే వీలు అందులో ఉంది. 1915 నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులో కూడా ఫిర్యాదు చెప్పుకోవచ్చు. బయటి రాష్ట్రాల్లో ఉన్న మన పెద్దవాళ్లకు ఈ సంగతి ముఖ్యంగా చెప్పండి.

గౌరవ్ ఖన్నా లెక్కలు ఆగలేదు. ఆయన ఆ తర్వాత కూడా పాత ప్లేస్టేషన్లను వందల సంఖ్యలో కలిపి వాడారు. కాకపోతే అవన్నీ నవీకరణ వేయని పాత పెట్టెలు. వచ్చే కమిటీ సమావేశానికి ముందు మీ అభిప్రాయాలు కింద రాయండి. కొన్న వస్తువులోంచి ఏదైనా మాయమైన అనుభవం మీకుంటే అదీ రాయండి. కమిటీకి పనికొస్తుంది.