రెండూ రెండూ కలిపితే?

విమానం అల్బుకర్కీలో దిగబోతోంది. కింద న్యూమెక్సికో ఎడారి. పాల్ అలెన్ దగ్గర కాగితపు టేపు చుట్ట ఒకటుంది. దాదాపు ఎనిమిది వారాలు నిద్ర కాచి చేసిన పని అంతా అందులోనే ఉంది. ఇంతలో గుండె గుభేలుమంది. ఆ టేపుని మెమొరీలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాం, లోడర్, రాయనేలేదు!

ఆల్టెయిర్ 8800 కంప్యూటర్‌కి కీబోర్డు లేదు, తెర లేదు. కరెంటిస్తే ఎర్ర లైట్లు వెలుగుతాయి. టేపు ఎలా చదవాలో కూడా మనమే నేర్పాలి. గబగబా కాగితం తీశాడు. విమానం నేల తాకేలోపు రాసేశాడు. సరిచూసుకునే దారి మాత్రం లేదు.

అసలు కథ మొదలైందే బొంకుతో. 1975 జనవరి ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ ముఖచిత్రం మీద ఆ యంత్రాన్ని చూసి, 21 ఏళ్ల అలెన్, 19 ఏళ్ల బిల్ గేట్స్, దానికి బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష సిద్ధంగా ఉందని దాన్ని తయారుచేసే మిట్స్ కంపెనీకి కబురు పెట్టేశారు. అప్పటికి రాసింది సున్నా. అవతలివాళ్లూ తక్కువ తినలేదు లెండి: పత్రికకి పంపిన నమూనా దారిలో గల్లంతైతే, ముఖచిత్రానికి ఖాళీ డబ్బానే నిలబెట్టారు! కుర్రాళ్లు హార్వర్డ్‌లోని పీడీపీ-10 కంప్యూటర్ని ఇంటెల్ 8080 చిప్‌లా నటింపజేసి, దానిమీదే బేసిక్ రాశారు. లెక్కల భాగం మూడో కుర్రాడు మోంటే డేవిడాఫ్ రాశాడు. నిజం ఆల్టెయిర్ని ముగ్గురిలో ఒక్కరూ ముట్టుకోలేదు.

ఎయిర్‌పోర్టుకి పికప్ ట్రక్కులో వచ్చాడు ఎడ్ రాబర్ట్స్. ఎయిర్‌ఫోర్సులో పనిచేసిన భారీ మనిషి. కాలిక్యులేటర్ల ధరలు పడిపోయి, అతని మిట్స్ కంపెనీ అప్పుల్లో మునిగింది. ఇక ఆల్టెయిరే దిక్కు. ఆఫీసేమో మసాజ్ పార్లర్ పక్కన! లోపల మెమొరీ పరీక్ష ఇంకా నడుస్తోంది. రేపు చూద్దామన్నాడు. హోటల్ బిల్లుకి డబ్బు చాలక అలెన్ అతన్నే అప్పడిగాడు. ఇలాంటివాడా బేసిక్ తెచ్చింది?

తెల్లారింది. అలెన్ యంత్రం ముందు నిలబడ్డాడు. ఎనిమిది స్విచ్‌లు పైకీ కిందికీ. డిపాజిట్. మళ్లీ ఎనిమిది. డిపాజిట్. వేలు ఒక్కచోట జారితే మళ్లీ మొదటికే. లోడర్ ఎక్కింది. టేపు కదిలింది. యంత్రానికి తగిలించిన టెలిటైప్ అనే టైపు మిషన్ గడగడలాడుతూ సెకనుకి పది అక్షరాల చొప్పున రంధ్రాల వరసల్ని మింగుతూ పోతుంటే, హార్వర్డ్‌లో చదువుకున్న మాన్యువల్‌లో ఏ ఒక్క ఆదేశాన్ని తప్పుగా అర్థం చేసుకున్నా ఇక్కడ మూగబోవడమేనని తెలిసిన అలెన్‌కి ఆ ఏడు నిమిషాలూ గడవలేదు. టేపు అయిపోయింది. రన్ నొక్కాడు.

టెలిటైప్ టకటకలాడింది. ‘మెమొరీ సైజ్?’

సైజు కొట్టాడు. ‘రెడీ’ అంది. రాబర్ట్స్ ముందుకి వంగాడు. అంతవరకూ ఈ యంత్రం లైట్లు ఆర్పడం, వెలిగించడం తప్ప ఎవరితోనూ మాట్లాడింది లేదు. అలెన్ కొట్టాడు: ప్రింట్ 2+2.

4.

వెంటనే ఆటల పుస్తకంలోంచి చంద్రుడి మీద నౌక దించే ప్రోగ్రాం ఒకటి కొట్టి చూశాడు. అదీ నడిచింది. కొన్నాళ్లకే రాబర్ట్స్ అతన్ని మిట్స్‌లో సాఫ్ట్‌వేర్ అధిపతిని చేశాడు. ఏప్రిల్ 4న గేట్స్, అలెన్ సొంత కంపెనీ మొదలుపెట్టారు: మైక్రోసాఫ్ట్.