క్రిస్మస్ సెలవుల్లో గవ్వల ఆట

క్రిస్మస్ సెలవులకు సబ్బవరం వచ్చే మనవలు లూడో పెట్టె తెచ్చుకుంటారు. ఆ ఆట మన పచ్చీసు నుంచి పుట్టినదే. గవ్వలకు బదులు పాచిక పెట్టి ఇంగ్లండులో 1896లో పేటెంటు పొందారు. మన వైకుంఠపాళి కూడా 1892లో అక్కడ పాములు, నిచ్చెనల పటంగా అమ్మకానికి వచ్చింది. క్రమేణా గళ్లలోని పాపపుణ్యాల పేర్లు పోయి అంకెలే మిగిలాయి.

అష్టాచెమ్మకు పెట్టె అక్కర్లేదు. అరుగు మీద సుద్దముక్కతో అడ్డం అయిదు, నిలువు అయిదు గళ్లు గీసి నాలుగు గవ్వలు వేస్తే చాలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, బోర్లా పడితే అష్ట. ఈ లెక్క మనకు అమ్మమ్మలు నేర్పారు. మనం నేర్పకపోతే మనవలకు నేర్పేదెవరు? ఈ సెలవుల్లో సెల్‌ఫోన్లు పక్కన పెట్టించి, గవ్వలు బయటకు తీయండి.