టొరంటో స్మృతి పరిశోధనశాల: ప్రయోక్తలు, ప్రయోజ్యులు

జేమ్స్ మార్క్ బాల్డ్విన్ 1889లో టొరంటో విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి చేపట్టి, 1891 నాటికి నెలకొల్పిన మనస్తత్వశాస్త్ర ప్రయోగశాల బ్రిటిష్ సామ్రాజ్యం మొత్తంలోనే మొదటిదని చరిత్రకారులు పరిగణిస్తారు. ఆయన 1893లో ప్రిన్స్‌టన్‌కు వెళ్లిపోగా, లైప్‌జిగ్‌లో విల్హెల్మ్ వుంట్ వద్ద శిక్షణ పొందిన ఆగస్ట్ కిర్ష్‌మన్ ప్రయోగశాల బాధ్యతను స్వీకరించి, రంగులను మనిషి ఎలా చూస్తాడన్న విషయంపై దృష్టి నిలిపారు. అయితే ఈ విశ్వవిద్యాలయం పేరు దేశదేశాల మనస్తత్వశాస్త్ర గ్రంథాలకు ఎక్కడానికి కారణం మానవ స్మృతిపై జరిగిన పరిశోధన. దానికి మరో అరవై ఏళ్లకు పైగా పట్టింది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో స్వదేశమైన ఎస్తోనియాను విడిచి, జర్మనీ మీదుగా 1949లో కెనడా చేరిన ఎండెల్ టుల్వింగ్, టొరంటోలోనే పట్టాలు పొంది, హార్వర్డ్‌లో దృష్టికి సంబంధించిన అంశంపై డాక్టరేట్ పూర్తిచేశారు. 1956లో అధ్యాపకుడిగా తిరిగివచ్చిన ఆయనకు దృష్టి పరిశోధనకు కావలసిన పరికరాలు ఇక్కడ లభించలేదు. కాగితం, పెన్సిలు, పదాలు రాసిన కార్డులు ఉంటే చాలు గనుక ఆయన స్మృతి వైపు మళ్లారు. ఆ కొరతే ఈ శాస్త్రానికి మేలు చేసిందనడం అతిశయోక్తి కాదు. ఒకదానితో ఒకటి సంబంధంలేని 16 పదాలను మళ్లీ మళ్లీ అందించి, ప్రయోజ్యులను, అంటే ప్రయోగంలో పాల్గొనేవారిని, తోచిన వరుసలో చెప్పమన్నప్పుడు, ప్రతి ఒక్కరూ తమదైన ఒక వరుసను క్రమంగా ఏర్పరచుకుంటున్నారని ఆయన 1962లో చూపించారు. మనసు అందుకున్నదాన్ని ఉన్నదున్నట్లు దాచుకోదని, తన పద్ధతిలో కూర్చుకుంటుందని ఆ ఫలితం తెలిపింది.

1966లో జెనా పెర్ల్‌స్టోన్‌తో కలిసి చేసిన ప్రయోగం మరింత లోతైనది. ఉన్నత పాఠశాల విద్యార్థులకు వర్గాల పేర్లనూ వాటికి చెందిన పదాలనూ వినిపించి, కొందరికి ఖాళీ కాగితాలను, మరికొందరికి వర్గాల పేర్లు ముద్రించిన కాగితాలను ఇచ్చారు. వర్గం పేరు అందినవారు ఎక్కువ పదాలు రాశారు. మొదట ఖాళీ కాగితంపై రాసినవారు కూడా తరువాత ఆ పేర్లు చూడగానే, అంతకుముందు తట్టని పదాలను గుర్తు తెచ్చుకున్నారు. పద్యం మధ్యలో ఆగిపోయిన పిల్లవాడికి పెద్దవాళ్లు తరువాతి పాదంలోని మొదటి మాట అందించగానే మిగిలినదంతా గడగడా వచ్చేసినట్లే ఇదీ జరిగింది. స్మృతిలో ఉండడం వేరు, అవసరమైనప్పుడు చేతికందడం వేరు అన్న భేదం దీనితో స్థిరపడి, అందించే మాటకు, అంటే పునఃస్మరణ సూచనకు, పరిశోధనలో ప్రధాన స్థానం లభించింది.

1965 తరువాతి దశాబ్దంలో టొరంటోలో చేరినవారి పేర్లు చూస్తే ఆనాటి ఉత్సాహం అర్థమవుతుంది. జాబితాలోని మొదటి పదాలూ చివరి పదాలూ మధ్యవాటికంటే బాగా గుర్తుంటాయన్న విషయాన్ని వక్రరేఖలుగా గీసి చూపిన బెనెట్ మర్డాక్, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రాబర్ట్ లాక్‌హార్ట్, 1971లో బ్రిటన్ నుంచి వచ్చిన ఫెర్గస్ క్రెయిక్ వారిలో ముఖ్యులు. క్రెయిక్, లాక్‌హార్ట్ 1972లో ప్రకటించిన వ్యాసం ప్రకారం, ఒక విషయం ఎంతకాలం గుర్తుంటుందన్నది దాన్ని ఎంత లోతుగా ఆలోచించామన్న దానిపై ఆధారపడుతుంది. 1975లో క్రెయిక్, టుల్వింగ్ పది ప్రయోగాలతో దీన్ని పరీక్షించారు. తెరపై పదం సెకనులో ఐదోవంతు కాలం మాత్రమే కనిపించేది. అది పెద్ద అక్షరాల్లో ఉందా, ఫలానా పదంతో ప్రాస కుదురుతుందా, ఫలానా వాక్యంలో ఇముడుతుందా అన్న ప్రశ్నల్లో ఒకదానికి ప్రయోజ్యుడు అవునో కాదో చెప్పాలి. తరువాత ముందుగా చెప్పకుండా పరీక్ష పెడితే, అర్థాన్ని గురించి ఆలోచించిన పదాలే ఎక్కువగా గుర్తున్నాయి. విషయాన్ని బట్టీ పట్టడం కంటే అర్థం చేసుకోవడం మేలని ఉపాధ్యాయులు ఏనాటి నుంచో చెబుతున్నదానికి ఇంత పకడ్బందీ ఆధారం అరుదు.

తననే ప్రయోజ్యుడిగా చేసుకుని, అర్థరహిత పదాంశాలను వల్లెవేసి, 1885లో స్మృతిపై తొలి ప్రయోగాత్మక గ్రంథాన్ని వెలువరించిన జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ పేరిట ఈ బృందం తమ వారపు సమావేశానికి 'ఎబింగ్‌హాస్ సామ్రాజ్యం' అని పేరు పెట్టుకుంది.

1972లోనే టుల్వింగ్ స్మృతిని రెండుగా విభజించారు. ఫలానా రోజున ఫలానా చోట తనకు జరిగినదాన్ని గుర్తు చేసుకోవడం సంఘటనా స్మృతి; ఎప్పుడు నేర్చుకున్నామో తెలియకపోయినా లోకజ్ఞానంగా మిగిలేది అర్థ స్మృతి. ఈ భేదానికి బలమైన సాక్ష్యం ఒక మనిషి జీవితం నుంచి వచ్చింది. 1981లో, 30 ఏళ్ల వయసులో, మోటారుసైకిల్ ప్రమాదంలో మెదడు దెబ్బతిన్న ఆ వ్యక్తిని శాస్త్ర గ్రంథాలు కె.సి. అన్న పొడి అక్షరాలతో పేర్కొంటాయి. ఆయన మాట, తెలివి, మర్యాద చెక్కుచెదరలేదు, చదరంగం ఆడగలిగేవారు, తమ కుటుంబానికి వేసవి విడిది ఉందనీ అది ఎక్కడుందనీ ఆయనకు తెలిసే ఉండేది. కానీ అక్కడ గడిపిన ఒక్క రోజు గానీ, ఆడిన ఒక్క ఆట గానీ గుర్తొచ్చేది కాదు. రేపు ఏం చేస్తారని అడిగినా మనసులో శూన్యమే ఉండేది. గతాన్ని తిరిగి అనుభవించే శక్తి, భవిష్యత్తును ఊహించే శక్తి ఒకే మూలానికి చెందినవేమో అన్న ఆలోచన ఇక్కడి నుంచే బలపడింది. కొత్త విషయాలను పదేపదే నేర్పితే కె.సి. నేర్చుకోగలిగారు. నేర్పిన సందర్భం మాత్రం గుర్తుండేది కాదు.

రెండు దశాబ్దాలకు పైగా పరీక్షల ముందు ఓపికగా కూర్చున్న కె.సి.ని ఈ ప్రయోగశాల చరిత్రలో ఆచార్యుల సరసనే నిలపాలి. 2005లో పరిశోధకులు మోరిస్ మాస్కోవిచ్, టుల్వింగ్, టుల్వింగ్ శిష్యుడు డేనియల్ షాక్టర్ తదితరులు కలిసి, స్మృతి సిద్ధాంతానికి కె.సి. చేసిన దోహదాన్నే విషయంగా తీసుకుని ఒక సుదీర్ఘ వ్యాసం ప్రకటించారు. కె.సి. 2014లో, టుల్వింగ్ 2023లో మరణించారు. రేపటిని ఊహించేటప్పుడు మెదడు నిన్నటిని ఎలా వాడుకుంటుందన్న ప్రశ్నపై షాక్టర్ హార్వర్డ్‌లో తన పరిశోధనను కొనసాగించారు.