వ్యాసము దిద్దు విధము

నాయుడుపేటకును సూళ్లూరుపేటకును నడుమ మదరాసు దారిలోనున్న దొరవారిసత్రము రైల్వే పట్టికలలో దొరవారిచత్రమై కనబడును. అరవ పొరుగు సోకిన యీ చకారమును తప్పని కొట్టివేయవలెనా, యుండనీయవలెనా? అక్కడి బాలుడు కళాశాలకుఁ బోయి యింగ్లీషున వ్యాసము వ్రాయునప్పుడును ఇట్టి ప్రశ్నయే యెదురగును. 2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీ వెలువడినది మొదలు దిద్దుబాటు పని చాలవఱకు యంత్రము పాలైనది.

దిద్దుటనుగూర్చిన తగవు మనకు క్రొత్తది కాదు. ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1911లో వెలసిన కాలముననే, పరీక్షలలో తెలుగు వ్యాసము నే భాషలో వ్రాయవలెనను వివాదము రేగినది. జయంతి రామయ్య పంతులుగారి పక్షమువారు గ్రాంథికమే యుండవలెననిరి. గురజాడ అప్పారావుగారు 1914లో తమ యసమ్మతి పత్రమును వ్రాసిరి. గిడుగు రామమూర్తి పంతులుగారు మఱియొక యడుగు ముందునకు వేసి దిద్దువారినే దిద్దిరి! గ్రాంథికవాదుల రచనలనుండియే వ్యాకరణవిరుద్ధములైన ప్రయోగములను ఏఱి చూపిరి. పండితులకే పట్టుబడని భాషకై పిల్లలను దండించుట యేమి న్యాయమని వారి వాదము.

నేటి యంత్రమునకు బెత్తము లేదు, విసుగు లేదు. అర్ధరాత్రమున నడిగినను బదులు చెప్పును. ఈ మేలును మేము తక్కువ చేయము. కాని యది అపారమైన గ్రంథరాశిని జీర్ణించుకొని, ఒక మాట వెనుక నే మాట వచ్చునో యూహించునదే గనుక, బాలుని వాక్యమును నలుగురు వ్రాయు తీరునకే యీడ్చును. ఇంగ్లీషు నామములకు ముందు వచ్చు ‘ఏ’, ‘ది’ వంటి చిన్నమాటలు తెలుగున లేవు. బాలుడు వానిని విడిచినచో యంత్రము చప్పుడు కాకుండ చేర్చును. వ్యాసము బాగుపడును, బాలుడు మాత్రము మరల విడుచును. తప్పెక్కడ, ఏల తప్పు అని యడిగినచో నదియే వివరించును. అడుగవలెనని వానికిఁ జెప్పువారెవరు?

ఇంతకంటె వింత యొకటి కలదు. యంత్రరచనను పట్టునని చెప్పు ఏడు సాధనములను స్టాన్‌ఫర్డు పండితులు 2023లో పరీక్షించిరి. ఇంగ్లీషు మాతృభాష కానివారు స్వయముగా వ్రాసిన 91 వ్యాసములలో సగటున నూటికి 61 యంత్రకృతములని యవి తీర్పుచెప్పినవి. ఆ వ్యాసములకే చాట్‌జీపీటీచేత పదసంపద చేర్పించి మరల చూపగా, ఆ నింద నూటికి సుమారు 12కు దిగినది! అమెరికా బడిపిల్లల వ్యాసములకు మాత్రము ఆ బాధ దాదాపు లేకపోయెను.

కావున మన యిండ్లలో బాలుని మొదటి చిత్తుప్రతిని, కొట్టివేతలతో సహా, దాచి యుంచవలెనని మా మనవి. ఉపాధ్యాయుడు శంకించిన నాడు వాని పక్షమున సాక్ష్యము చెప్పునది యా కాగితమే.