నౌకా మంచినీటి జనరేటర్: నిర్వహణ, లోపాల గుర్తింపు

సముద్రపు నీటిని మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి మంచినీరు తీసే ఇంజన్‌రూమ్ యంత్రం మంచినీటి జనరేటర్. దీనికంటూ వేరే ఇంధనం అక్కర్లేదు. ప్రధాన ఇంజన్‌ను చల్లబరిచి దాదాపు 80 డిగ్రీల సెల్సియస్ వేడితో బయటికొచ్చే జాకెట్ నీరే దీని పొయ్యి. ఎజెక్టర్ లోపలి గాలిని లాగేసి 90 శాతానికి పైగా వాక్యూమ్ కల్పిస్తుంది కాబట్టి, ఉప్పునీరు 40-60 డిగ్రీల మధ్యనే మరిగిపోతుంది. లక్షద్వీప్‌లోని కవరత్తిలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో నెలకొల్పిన ప్లాంటుకూ వాక్యూమే ఆధారం. అక్కడ ఇంజన్ వేడి బదులు ఉపరితలపు నీటి వెచ్చదనాన్నీ, లోతు నీటి చల్లదనాన్నీ వాడుకుంటారు.

తయారయ్యే నీళ్లు తగ్గాయనగానే వేడి మార్పిడి ప్లేట్లు విప్పడానికి దిగేవాళ్లు ప్రతి ఓడలోనూ ఉంటారు. నిజానికి అది చివర్లో చేయాల్సిన పని. ముందు చూడాల్సింది వాక్యూమ్. గేజ్ ఒక్కదాన్నే నమ్మకూడదు. షెల్ ఉష్ణోగ్రత రోజూ ఉండేదానికన్నా పెరిగిందంటే వాక్యూమ్ పడిపోయినట్టే. ఎజెక్టర్ పంపు పీడనం సాధారణంగా 3-4 బార్లు ఉండాలి. అంతకన్నా తక్కువైతే స్ట్రైనర్ మూసుకుపోయిందేమో, ఇంపెల్లర్ అరిగిందేమో చూడాలి. పీడనం సరిగ్గానే ఉన్నా వాక్యూమ్ రాకపోతే నాజిల్ అరిగి ఉండవచ్చు, లేదా ఓవర్‌బోర్డ్ వాల్వ్ పూర్తిగా తెరుచుకోకపోయి ఉండవచ్చు. అక్కడా లోపం లేకుంటే ఎక్కడో గాలి చొరబడుతోంది. జాయింట్ల మీద, సైట్‌గ్లాస్ అంచున గడ్డం నురుగు పూస్తే లీకున్న చోట నురుగు లోపలికి పీల్చుకుపోయి చిన్న గుంట పడుతుంది. మంచినీటి పంపు సీల్‌ను మాత్రం చాలామంది మరిచిపోతారు. అక్కడ గాలి దూరితే పంపు నీళ్లు లాగలేక కండెన్సర్‌లో మట్టం పెరుగుతుంది.

వాక్యూమ్ మరీ ఎక్కువైనా చిక్కే. చల్లని సముద్రాల్లో నీరు ఉధృతంగా మరిగి, ఆవిరితోపాటు ఉప్పు తుంపరలు డెమిస్టర్ జాలీని దాటేస్తాయి. కండెన్సర్‌కు వెళ్లే నీటిని తగ్గించడమో, వాక్యూమ్ బ్రేకర్‌ను కాస్త వదలడమో దీనికి మందు.

వాక్యూమ్ బాగానే ఉండి, జాకెట్ నీరు లోపలికి వెళ్లేటప్పటి వేడికీ బయటికొచ్చేటప్పటి వేడికీ తేడా తగ్గిపోతుంటే అప్పుడు పొలుసును అనుమానించాలి. తయారయ్యే మంచినీటికి మూడు నాలుగు రెట్లు సముద్రపు నీరు ఫీడ్‌గా వెళ్లాలి. ఫీడ్ ఆరిఫిస్ మూసుకుపోతే లోపలి ఉప్పు చిక్కబడి పొలుసు కడుతుంది. ఇందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. సల్ఫామిక్ ఆమ్ల ద్రావణాన్ని తిప్పితే బుడగలు వస్తూ కరుగుతుంది. ప్లేట్లు విప్పక తప్పకపోతే ఇనుప బ్రష్ తాకనీయకూడదు. తిరిగి బిగించేటప్పుడు తయారీదారు చెప్పిన కొలత వరకే బోల్టులు సమంగా బిగించాలి.

తయారైన నీటిలో ఉప్పును కొలిచే సాలినోమీటర్‌ను సాధారణంగా 10 పీపీఎంకు అమర్చుతారు. అది దాటితే సోలనాయిడ్ వాల్వ్ ఆ నీటిని ట్యాంకుకు పోనీయదు. అలారం మోగితే ముందు ఎలక్ట్రోడ్‌ను తుడిచి చూడాలి. ఆ తర్వాతే డెమిస్టర్, బ్రైన్ మట్టం, కండెన్సర్ లీకు. అదే సమయంలో జాకెట్ ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో మట్టం తగ్గుతోంటే హీటర్ చిల్లు పడిందేమోనని అనుమానించి ఆ నీటిని తాగకూడదు. జాకెట్ నీటిలో నైట్రైట్ వంటి రసాయనాలు కలిపి ఉంటాయి.

తీరానికి 20 నాటికల్ మైళ్ల లోపల, నదీ ముఖాల దగ్గర యంత్రాన్ని ఆపేయడం ఆనవాయితీ. 50 డిగ్రీల మరుగుకు సూక్ష్మజీవులు చావవు కాబట్టి తాగునీటికి క్లోరిన్ లేదా అల్ట్రావయొలెట్ శుద్ధి తప్పనిసరి. ఆపేటప్పుడు ముందు జాకెట్ వేడిని తీసేసి, షెల్ చల్లబడ్డాకే ఎజెక్టర్ పంపు ఆపాలి. నడిపేటప్పుడు జాకెట్ వాల్వ్‌ను ఒక్కసారిగా తెరిస్తే ప్రధాన ఇంజన్ జాకెట్ ఉష్ణోగ్రత పడిపోయి అలారం వస్తుంది. ఇంధనం ఆదా కోసం ఓడను నెమ్మదిగా నడిపే రోజుల్లో జాకెట్ వేడి చాలక నీళ్లు తగ్గితే దాన్ని లోపంగా లెక్కించరు.