నోయ్‌లాండ్

నోయ్‌లాండ్ శీర్షికల కోసం తయారైన లావుపాటి రోమన్ టైపు. జర్మనీలో ఆఫెన్‌బాఖ్ పట్టణంలోని క్లింగ్‌స్పోర్ టైపు ఫౌండ్రీ 1923లో దీన్ని విడుదల చేసింది. రూపకర్త రుడాల్ఫ్ కోఖ్ (1876–1934). ఇందులో అన్నీ పెద్దబడి అక్షరాలే, చిన్నబడి లేదు.

దీని ప్రత్యేకత పుట్టుకలోనే ఉంది. సీసపు టైపుల కాలంలో కళాకారుడు కాగితం మీద అక్షరం గీసేవాడు. దాన్ని చూసి మరో పనివాడు ఉక్కు కడ్డీ కొసన తిరగేసి చెక్కేవాడు. అదే పంచ్. దాన్ని రాగి ముక్కలోకి దిగగొట్టి, ఏర్పడిన గుంటలో సీసం పోస్తే టైపు తయారు. చిన్నతనంలో లోహం చెక్కే పని నేర్చిన కోఖ్ ఈసారి కాగితం జోలికే పోలేదు. నేరుగా ఉక్కు మీదే పంచ్‌లు చెక్కాడు. ప్రతి సైజుకూ మళ్లీ మొదటి నుంచి చెక్కడంతో ఒక సైజులోని అక్షరం మరో సైజులో అచ్చంగా అలాగే ఉండదు. వంపులు నున్నగా తిరగకుండా ఉలి దెబ్బకు కోణాలు తేలతాయి. గీతల కొసలు కాస్త వెడల్పవుతాయి.

కోఖ్ అంతకు ముందు జర్మన్ల సంప్రదాయ గోథిక్ లిపిలో టైపులు చేసినవాడు. ఆ లిపి నల్లదనం నోయ్‌లాండ్‌లోనూ కనిపిస్తుంది. ఎడం తగ్గించి కూర్చితే పంక్తి రాతిగోడలా నిలుస్తుంది. నాలుగు మాటల శీర్షికకు అంత బలం చాలు, పేరా నిండా వాడితే మాత్రం కన్ను తట్టుకోదు.

అమెరికా చేరాక దీని దారి మారింది. ప్రకటనలతో మొదలై, క్రమంగా ఆఫ్రికా, అడవి, సాహసం అంటే ఇదే టైపు అన్నట్టయింది. ఆఫ్రికన్ అమెరికన్ రచయితల పుస్తకాల అట్టల మీదకూ ఎక్కింది. అక్షరాల రూపంలో ఆఫ్రికా జాడే లేకపోయినా, మొరటుగా కనిపించడమే అర్హత అయిపోయింది. టైపు రూపకర్త కేరల్ ట్వాంబ్లీ ప్రాచీన గ్రీకు శాసనాల ఆధారంగా 1989లో రూపొందించిన లిథోస్ అనే టైపుకూ ఇదే గతి పట్టింది. ఈ రెండింటి వాడకం వెనక ఉన్న జాతి ముద్రను డిజైనర్ రాబ్ జియాంపియెట్రో 2004లో ఒక వ్యాసంలో ఎత్తిచూపాడు. ఆ విమర్శ న్యాయమైనదే.

లావు గీతల నడుమ సన్నని తెల్లగీత నడిచే ఇన్‌లైన్ రూపం కూడా దీనికి ఉంది. 1993 నాటి ‘జురాసిక్ పార్క్’ సినిమా లోగోతో లోకమంతా చూసింది ఆ రూపాన్నే. కంప్యూటర్ ఫాంటుగా మారాక ఒకే రూపాన్ని పెంచి తగ్గించి అన్ని సైజులకూ వాడుతున్నారు. కోఖ్ సైజుసైజుకూ విడిగా చెక్కిన తేడాలు చూడాలంటే పాత సీసపు టైపుతో అచ్చైన కాగితాలు వెతుక్కోవాలి.