గ్రీకు మఠములలోని జీవితచక్రము

చక్రమనగానే మనకు కుమ్మరిసారె, రథము, కాలము తలంపునకు వచ్చును. గ్రీకుదేశపు క్రైస్తవ చిత్రకారులకును కాలమే తోచినది. 1453వ సంవత్సరమున కాన్‌స్టాంటినోపిల్ నగరము తురుష్కుల వశమై బైజాంటియ సామ్రాజ్య మంతరించినను, దాని చిత్రలేఖన సంప్రదాయము మఠములయందు నిలిచియుండెను. ఆథోస్ పర్వతమున నివసించిన దియోనీసియుడను సన్యాసి 1730 ప్రాంతమున చిత్రకారులకొక లక్షణగ్రంథమును కూర్చెను. మన శిల్పశాస్త్రములవలెనే, ఏ బొమ్మ నెట్లు వ్రాయవలెనో అందు విధింపబడినది. జీవితచక్రము యొక్క విధానమును అందు కలదు.

నడుమ చిన్న వలయమున కిరీటధారియైన వృద్ధుడు, అతడే లోకము. అతనిచుట్టు ఋతువులు (వారికి నాలుగే), వానిచుట్టు పండ్రెండు రాశులు, వెలుపలి వలయమున మనుష్యుని ఏడు దశలు. ఒకవైపున బాలుడును, యువకుడును పైకెక్కుచుందురు. శిఖరమున ఒకడు రాజవేషముతో సింహాసనమెక్కి, ఒకచేత దండమును, ఒకచేత ధనపుసంచిని పట్టియుండును. రెండవవైపున జారిపోవువారు నెరసిన గడ్డములవారు. అడుగున సమాధియు, ఘోరసర్పమును, కొడవలి బూనిన మృత్యువును. ఇక చక్రమును త్రిప్పువారెవరనగా, పగలును రాత్రియును! రెక్కలుగల యీ యిద్దరును త్రాళ్లతో లాగుచుందురు. ఈ త్రాళ్లే నాకు మిక్కిలి నచ్చినవి. త్రిప్పునది దైవమును గాదు, దయ్యమును గాదు, గడచుచున్న పూటలే.

పశ్చిమ ఐరోపాలో చక్రము అదృష్టదేవత చేతిది. ఆరవ శతాబ్దిలో బొయీథియసు చెరసాలయందు రచించిన గ్రంథమువలన ఆ భావము వ్యాపించెను. ఫ్రాన్సులోని ఆమియాఁ దేవాలయపు గుండ్రని గవాక్షముచుట్టు ఎక్కువారును పడువారును చెక్కబడియున్నారు. అయితే అదృష్టము చెడినవాడు మరల లేవవచ్చును. గ్రీకు చక్రమున జారిన ముదుసలి మరల బాలుడు కానేరడు.

అజంతా 17వ గుహ వసారాలోని భవచక్రమును జూచి, గ్రీకులు మనయొద్దనే నేర్చిరని కొందరు చెప్పుదురు. పోలిక గలదు, పోలికయే వంశవృక్షము కాజాలదు. భవచక్రమున పునర్జన్మ కలదు, దానినుండి విముక్తియు కలదు. గ్రీకు చక్రమునకు, ఒక్కొక్కనికి, ఒక్కటే తిరుగుడు.

బల్గేరియాదేశమున వెలికో తర్నొవో చేరువ రూపాంతరమఠమను నొకటి కలదు. 1849లో జహారి జోగ్రాఫ్ అను చిత్రకారుడు అచ్చటి ఆలయపు బయటిగోడపై ఈ చక్రమును వ్రాసెను. ఎండకును వానకును ఓర్చి ఆ బొమ్మ నిలిచినది. 1810లో జన్మించిన ఆ చిత్రకారుడు మాత్రము, జారువారి వైపునకు ఇంకను రాకమునుపే, 1853లో కాలధర్మము నొందెను.